రెండో ప్లాట్‌ఫారం అడ్డుదిమ్మ

శనివారం మధ్యాహ్నమైతే చాలు, కార్న్‌షా ఊళ్ళో పదకొండు మంది పెద్దమనుషులు ఇంట్లో ఏదో ఒక వంక చెప్పి మెథడిస్టు చర్చి నేలమాళిగలోకి దిగిపోయేవారు. అక్కడ పొడుగాటి బల్ల మీద వాళ్ళ ఊరి రైల్వేస్టేషను ఉండేది. అడుగుకి నాలుగు మిల్లీమీటర్ల లెక్కన, 1953 నవంబరు మొదటివారంలో ఎలా ఉండేదో అచ్చం అలా. అసలు స్టేషనుని పడగొట్టేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడక్కడ కార్లు నిలబెట్టుకుంటున్నారు.

ఫోటోలో కనపడనిదీ, నక్షాలో లేనిదీ, కళ్ళారా చూసినవాడు చెప్పనిదీ ఆ బల్లమీద పెట్టకూడదు. స్టేషన్ మాస్టరు గారి వంటింటి తలుపు ఆకుపచ్చదా గోధుమరంగుదా అని ఇద్దరు మిత్రులు మూడేళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. మిగతావాళ్ళు అది మామూలే అనుకున్నారు.

అసలుదానితో అచ్చంగా కొలత కుదిరిన వస్తువుకి బరువు వస్తుంది. ఇది అక్కడ అందరికీ తెలిసిందే. అగ్గిపెట్టంత సిగ్నల్ క్యాబిన్‌కి చివరి పెంకు అతికించిన రోజున బల్ల కోడు పుటుక్కున విరిగింది. బొటనవేలంత నీళ్ళ ట్యాంకుని నలుగురు పట్టుకుని జరిపారు. ఆ తర్వాత బల్ల కింద ఇనప స్తంభాలు వేయించుకున్నారు. నేల పగుళ్ళిస్తోందని పాస్టరు గారు ఏటా ఒక ఉత్తరం రాసేవారు. కుదరని వస్తువు ఎంత ముద్దుగా ఉన్నా తేలిగ్గా ఉండిపోతుంది. దాన్ని ఎవరి మనవడికో ఆడుకోమని ఇచ్చేసేవారు.

స్టేషనంతా తయారైంది గానీ, రెండో ప్లాట్‌ఫారం చివర పట్టాలకి అడ్డంగా ఉండాల్సిన దిమ్మ మాత్రం లేదు. బఫర్ స్టాప్ అంటారు దాన్ని. పాత పట్టాలు వంచి కాళ్ళుగా నిలబెట్టి, వాటిమీద అడ్డంగా ఓక్ దూలం బిగిస్తారు. రైలు ఆగాల్సిన చోట ఆగకపోతే అదే ఆపాలి. చేద్దామని ఎవరూ అనలేదు. ఎందుకనలేదో అందరికీ తెలుసు.

1953 నవంబరు మొదటివారంలోనే, శనివారం నాడు, నాలుగున్నర బండి ఆ దిమ్మని కొట్టుకుని, దాన్ని పెకలించుకుని టీ కొట్టులోకి వెళ్ళింది. టీ పోసే పిల్ల ఐలీన్‌కి పదహారేళ్ళు. పిల్ల అక్కడికక్కడే పోయింది. డ్రైవరు అతివేగంగా వచ్చాడని విచారణలో తేల్చారు. ఆ డ్రైవరు పేరు ఎడ్విన్ హోల్‌రాయిడ్.

ముప్ఫైమూడేళ్ళ తర్వాత ఆ దిమ్మ చేస్తానని ముందుకొచ్చినవాడు ఆయన కొడుకు లెస్లీ. వయసు యాభై రెండు. బళ్ళో ఊడ్చేపని, కాపలాపని రెండూ చూసేవాడు. పెళ్ళి చేసుకోలేదు, తల్లి ఆడాతో కలిసి పాత ఇంట్లోనే ఉండేవాడు. తండ్రి తప్పు చేశాడనే అతనూ నమ్మాడు. నక్షా ప్రకారం దిమ్మ చేస్తే దానికి బరువొస్తుంది, బరువొస్తే ఆ రోజున అది గట్టిగానే ఉందని తేలుతుంది, తేలిపోతే ఇక ఆ గొడవ మనసులోంచి వదిలిపోతుంది. లెస్లీ కోరుకున్నది అంతే.

నక్షా దొరికింది. కొలతలు చెప్పడానికి సెత్ గ్రీన్‌హాల్ ఉన్నాడు. ఎనభై నాలుగేళ్ళ ముసలాయన. ఒకప్పుడు పట్టాల ముఠాకి మేస్త్రీ. ఆ దిమ్మని తన చేతుల్తో నిలబెట్టినవాడు. ఆ నేలమాళిగ క్లబ్బులో ఆయన మాటంటే మాటే.

"ఒక్కో కాలికి నాలుగు బోల్టులు అబ్బాయ్. రెండు కాళ్ళకీ ఎనిమిది. కళ్ళు మూసుకుని చెప్తాను."

లెస్లీ మొదటిది చేశాడు. తేలిగ్గా ఉండిపోయింది. దూలం మందం వెంట్రుకవాసి తగ్గించి రెండోది చేశాడు. మూడోదానికి పట్టాల వంపు మార్చాడు. నాలుగోదానికి తుప్పురంగు మళ్ళీ కలిపాడు. ఏడు దిమ్మలు పొగాకు డబ్బాలో గలగల్లాడాయి. ఎవరికైనా ముందు నక్షా మీద అనుమానం రావాలి. ఈ పని చేసేవాళ్ళకి అలా రాదు. వాళ్ళకి తమ చేతిమీదే అనుమానం, తమ కళ్ళజోడు మీదే అనుమానం. లెస్లీ కొత్త కళ్ళజోడు కూడా చేయించుకున్నాడు.

"చెయ్యి వణుకుతోందేమోరా," అన్నాడు క్లబ్బు కార్యదర్శి క్లిఫర్డ్. "నీ వయసుకి మా నాన్న సూదిలో దారం కూడా ఎక్కించలేకపోయేవాడు."

"మీ నాన్న తాగేవాడు క్లిఫర్డ్."

"అదీ నిజమే."

సెత్ మాత్రం ఆ ఏడింటినీ ఒక్కొక్కటిగా అరచేతిలో పెట్టుకుని చూసి, ఏమీ అనకుండా తిరిగిచ్చేవాడు.

ఎనిమిదోది అక్టోబరులో మొదలుపెట్టాడు. లెస్లీ పని చేసుకునేది ఇంటి వెనక గదిలో. ప్రమాదం తర్వాత తండ్రి పడుకున్న గది అది. ఆయన పోయాక ఆడా ఆ గది గడప దాటలేదు. ఆయన పేరు కూడా ఎత్తేది కాదు. ఎప్పుడైనా తప్పనిసరైతే "ఆ మనిషి" అనేది.

ఒక శనివారం పొద్దున్న కుడికాలికి నాలుగు బోల్టులూ అతికించాడు. ఆవగింజలో సగం కూడా ఉండవు అవి. ఇత్తడి తీగని ముక్కలు కోసి చేస్తారు. ఎడమకాలికి రెండు అతికించేసరికి తీగ అయిపోయింది. ఇంతలో తల్లి పిలిచింది.

"ఒరేయ్, భోజనం చల్లారిపోతోంది. ఆ తుక్కు తర్వాత చేసుకోవచ్చు."

వెళ్ళి మాంసం, బంగాళదుంపలు కూరి కాల్చిన పిండిరొట్టె తిన్నాడు. పక్కన ఊరవేసిన ఎర్రక్యాబేజీ. తల్లి పొరుగావిడ కుక్క గురించి మాట్లాడింది. ఉన్నట్టుండి వెనక గదిలో చెక్క విరిగిన చప్పుడైంది.

"ఏంటది?"

"ఏమీ లేదమ్మా, పెట్టె పడి ఉంటుంది."

లోపలికి వెళ్ళి చూస్తే పనిబల్ల నడుం విరిగి ఉంది. దిమ్మ కిందపడి నేలచెక్కలో సగందాకా దిగబడింది. ఒక చేత్తో ఎత్తబోయాడు, రాలేదు. రెండు చేతులా లాగితే వచ్చింది. బొగ్గులు నింపిన బాల్చీ అంత ఉంది.

లెస్లీ దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేలమీదే కూర్చుండిపోయాడు. పూర్తికాని వస్తువుని ఎవరూ ఎప్పుడూ తూచి చూడరు. దీనికి ఇంకా రెండు బోల్టులు పెట్టాలి. పెట్టకుండానే బరువొచ్చింది. అంటే ప్రమాదం రోజున ఇది ఇలాగే, రెండు బోల్టులు తక్కువగా ఉంది.

దాన్ని బజారు సంచిలో పెట్టుకుని, రెండు చేతులా మోసుకుంటూ, దారిలో మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకుని క్లబ్బుకి చేరాడు. సంచి బరువు చూడగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

"సాధించావురా!" క్లిఫర్డ్ భూతద్దం తెచ్చి వంగి చూశాడు. చూస్తూ చూస్తూ అతని నవ్వు ఆగిపోయింది. "ఎడమవైపు రెండే ఉన్నాయి."

ఒక్కొక్కరే సెత్ వైపు తిరిగారు. ముసలాయన టోపీ తీసి మోకాలిమీద పెట్టుకున్నాడు.

"గూడ్సు లైన్లో పట్టా కదులుతోందంటే ఇక్కణ్ణుంచి రెండు తీసి అక్కడ వేశాను. కొత్తవి సోమవారం వస్తాయన్నారు. రెండ్రోజులే కదా అనుకున్నాను."

"విచారణలో చెప్పలేదేం?" అడిగాడు లెస్లీ.

"శిథిలాలు ఎత్తింది మా ముఠాయే అబ్బాయ్. రెండు పాత బోల్టులు వంచి అందులో పడేశాను. నాకు నలుగురు పిల్లలు అప్పటికి."

"ఆయనకి నేనొక్కణ్ణే," అన్నాడు లెస్లీ.

సెత్ తల ఊపాడు. అడక్కుండానే మిగతాది కూడా చెప్పాడు. "మీ నాన్న మా ఇంటికొచ్చాడొకసారి. లోపలికి రమ్మంటే రాలేదు. వానలో గుమ్మం దగ్గరే నిలబడి, 'సెత్, నేను మనిషి నడిచేంత నెమ్మదిగా వచ్చాననే అనుకుంటున్నాను, దిమ్మ అన్ని బోల్టులతోనూ ఉందా?' అన్నాడు. ఉందన్నాను. 'అయితే నేనే వేగంగా వచ్చి ఉంటాను' అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవర్నీ ఏమీ అడగలేదు."

లెస్లీకి ఆయన్ని కొట్టాలనిపించింది. ఎనభై నాలుగేళ్ళ మనిషిని ఎక్కడని కొడతాడు?

"ఇన్నాళ్ళూ ఎనిమిది ఎనిమిదని చెప్పి నాచేత ఏడు చేయించారు కదండీ."

"ఏడుసార్లూ చెప్పేద్దామనే వచ్చాను," అన్నాడు సెత్. "మీ అమ్మకి నేనే వచ్చి చెప్తాను. లేదా మిగతా రెండూ పెట్టెయ్. తేలికైపోతుంది. ఆవిడ ఈ వయసులో ఇది తెలుసుకుని ఏం చేసుకుంటుంది?"

క్లిఫర్డ్ ఆ ముసలాయన్ని నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టాడు. లెస్లీ సంచి ఎత్తుకుని బయటికొచ్చాడు.

దారంతా ఆ చివరి మాటే చెవిలో పడుతోంది. సెత్ దొంగే అయినా ఆ మాట తప్పని అనలేకపోయాడు. తండ్రికి న్యాయం జరగాలంటే ముందు తల్లికి చెప్పాలి. చెబితే ఏమవుతుంది? ఆయన పోయేదాకా, ఎనిమిదేళ్ళపాటు, అమ్మ ఆయనతో మాట్లాడలేదు. ఐలీన్ తల్లి మొహం ఎలా చూడనని, ఆయనతో ఒకే బల్లమీద భోజనం చెయ్యడం మానేసింది. ఆయన పోయిన రోజు కూడా ఏడవలేదు. ఆ కోపం న్యాయమైనదన్న నమ్మకంతోనే ఎనభై ఒకటో ఏట కూడా నిటారుగా నడుస్తోంది. దాన్ని లాగేస్తే కిందపడిపోతుంది.

ఇంటికి రాగానే, దారిలో దుకాణంలో కొన్న కొత్త తీగ తీశాడు. రెండు ముక్కలు కోశాడు. టంకం పెట్టే కడ్డీ వేడెక్కింది. సాయంత్రపు వెలుగు ఇంకా కిటికీలో ఉంది. మొదటి ముక్కని పటకారుతో ఎత్తాడు.

"ఇల్లంతా ఇటువైపుకి ఒరుగుతోందిరా. టీకప్పులు జారిపోతున్నాయి." ఆడా గుమ్మంలో నిలబడి ఉంది. ఒక్క క్షణం ఆగి గడప దాటి లోపలికొచ్చింది. "అదేనా?"

"అదేనమ్మా."

"ఇటివ్వు."

"బరువమ్మా."

"ముప్ఫై ఏళ్ళు మిల్లులో నేతపని చేశాను. నాకు బరువు గురించి చెప్పకు."

తండ్రి మంచం ఇంకా అక్కడే ఉంది. ఆడా దానిమీద కూర్చుంది. లెస్లీ రెండు చేతులా ఎత్తి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమెకి చూపు అంతంతమాత్రం. కానీ ఆరువందల పోగుల్లో ఒక్క పోగు తెగితే చీకట్లోనైనా పట్టుకునే వేళ్ళవి. బొటనవేలు దూలం మీంచి కుడికాలి మీదకి దిగింది. అక్కణ్ణుంచి ఎడమకాలి మీదకి వెళ్ళి ఆగింది.

"ఇటు నాలుగున్నాయి. ఇటు రెండేనేంరా?"

"ఇంకా పూర్తి కాలేదమ్మా," అన్నాడు లెస్లీ.

"పూర్తి కాకుండానే బరువొచ్చిందా?"

ఆ ఊళ్ళో బరువంటే ఏమిటో తెలియని వాళ్ళెవరు? లెస్లీ పక్కన పెట్టిన తీగముక్క కిందపడి ఎక్కడికో దొర్లిపోయింది. ఆడా బొటనవేలు మాత్రం ఆ ఖాళీచోట్ల మీద ఇటూ అటూ కదులుతూనే ఉంది.

"నడిచేంత నెమ్మదిగా వచ్చానన్నాడు," అంది చివరికి. "మొదటిరాత్రే చెప్పాడు నాకు. ఆ ఒక్కమాటే చెప్పాడు. నేనేమన్నానో తెలుసా? అబద్ధాలు చెప్పడానికి సిగ్గు లేదా అన్నాను. ఆ తర్వాత మళ్ళీ అనలేదు. అన్నం కూడా ఈ గదిలోకి నీచేతే పంపేదాన్ని. గుర్తుందా?"

"గుర్తుందమ్మా." అతనికి ఆ పళ్ళెం గుర్తుంది. తలుపు దగ్గర పెట్టి, తండ్రి మొహం చూడకుండా వెనక్కి తిరిగి వచ్చేయడం కూడా గుర్తుంది.

"ఎవరు తీశారు?"

"సెత్ గ్రీన్‌హాల్."

"సెత్," అంది ఆమె, పొరుగువాడి పేరు పలికినట్టుగా. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించిందేమో, రాలేదు. "వాడు రెండు బోల్టులు తీశాడు. మిగిలిందంతా నేనే తీశాను."

"ఇలా ఇవ్వమ్మా. రెండు నిమిషాల్లో అతికించేస్తాను, తేలికైపోతుంది."

"వద్దు. ఆయన ఎనిమిదేళ్ళు మోశాడు."

ఆమె దాన్ని వదల్లేదు. ఆ రాత్రి ఆ మంచంమీదే పడుకుంది, మర్నాడూ, ఆ తర్వాతా అక్కడే. లెస్లీ పళ్ళెం తెచ్చి పక్కన కూర్చుని తినిపించేవాడు. డాక్టరు వచ్చి, ఒళ్ళోంచి తియ్యడానికి ఒకసారి చూసి, కాళ్ళకి రక్తం ఆడటంలేదని రాసి వెళ్ళిపోయాడు. క్లబ్బు నుంచి నలుగురు వచ్చి ప్రయత్నించారు. కదల్లేదు; ఆమె ఒళ్ళో దాని బరువు రోజురోజుకీ పెరుగుతోంది. సెత్ రోజూ వచ్చి వీధిలో, గేటు బయట టోపీ చేత్తో పట్టుకుని నిలబడేవాడు. ఆమె రమ్మనలేదు, పొమ్మనలేదు. జనవరిలో మంచు పడుతుండగా, నిద్రలో, ఆడా పోయింది.

ఆమె వేళ్ళ మధ్య నుంచి దిమ్మ రాలేదు. దాంతోనే పెట్టెలో పెట్టారు. శ్మశానం కొండవాలుమీద ఉంది. ఎడ్విన్‌ని అడుగున, గేటు పక్కనే, పాత రైలుకట్ట గోడ వారగా పాతిపెట్టారు. తన చోటు మాత్రం ఆడా ఎప్పుడో పైన, చెల్లెలి పక్కన, ఆయనకి వీలైనంత దూరంగా చూసి పెట్టుకుంది. అక్కడ గొయ్యి తీసి సిద్ధంగా ఉంది. ఆరుగురు పెట్టెని భుజాన వేసుకుని గేటు దాటారు. పది అడుగులు వేశారో లేదో మోకాళ్ళు వంగిపోయాయి. దించి మళ్ళీ ఎత్తబోయారు. ఎనిమిదిమంది పట్టారు, పదిమంది పట్టారు. జానెడు కూడా లేవలేదు.

పాస్టరు గారు లెస్లీ వైపు చూశారు. లెస్లీ పెట్టె ఎక్కడ ఆగిందో చూశాడు. పక్కన గడ్డి కప్పేసిన తండ్రి సమాధి ఉంది.

"ఇక్కడే తవ్వండి," అన్నాడు.

మంచుతో బిగిసిన నేల. తవ్వడానికి మధ్యాహ్నం దాటింది. పైన చెల్లెలి పక్కన తీసిన గొయ్యిని సాయంత్రం ఇద్దరు కూలీలు ఖాళీగానే పూడ్చేశారు.