కానీ అనని ఇల్లు

ఆ కమ్మరి ఇంట్లో పదకొండేళ్లుగా ఒక మాట వినబడలేదు. అది బూతూ కాదు, అశుభమూ కాదు. కానీ అనే మాట. చెబుతున్నదాన్ని మధ్యలో తెంచి ఇంకో దారి పట్టించడానికి అందరూ వాడేదే. నాన్చుతున్నవాణ్ణి పని మొదలుపెట్టమనడానికీ అదే, కానీ, కానీ అంటారు. రోజుకు వందసార్లు నోట దొర్లే అలాంటి మాటను గడప దాటించడం ఎంత కష్టమో ప్రయత్నించి చూస్తే తెలుస్తుంది. కమ్మరి భార్య ప్రయత్నించింది, నెగ్గింది కూడా.

యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లు తలా ఒకటి తెచ్చుకున్నారు. ఒకడు తాగుడు తెచ్చుకున్నాడు, ఒకడు కర్రకాలు తెచ్చుకున్నాడు. తన మొగుడు ఈ పిచ్చి తెచ్చుకున్నాడని ఆమె మొదటి నెలలోనే కనిపెట్టింది. అన్నం వడ్డిస్తూ, నీళ్లకు వెళ్దామనుకున్నాను కానీ, అని ఏదో అనబోయింది. ఆయన చేతిలో కంచం కిందపడింది. లేచి పెరట్లోకి పోయి గోడవైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. ఎందుకని అడిగితే ముఖం తిప్పుకుని కొలిమి దగ్గరికి పోయాడు. నాలుగుసార్లు అలా జరిగాక ఆమె అడగడం మానేసి, ఆ మాటనే మానేసింది. కొలిమి దగ్గర పెద్ద సుత్తి దెబ్బ వేసేది ఆమే. ఆయన కొట్టు అంటే కొట్టేది, ఆపు అంటే ఆపేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు మాత్రం, పెళ్లాం కానీ అని అడ్డు చెప్పని మొగుడు ఊరు మొత్తానికి ఈయనొక్కడేనని ఆటపట్టించేవారు. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వేసేది.

తిరిగిరానివాడు ఆమె తమ్ముడు. బావా, బావమరిదీ ఒకే పటాలంలో, ఒకే ఫిరంగి దగ్గర పనిచేశారు. ఒక్కగానొక్క కొడుకు పోయాక ముసలి తల్లి కూతురి పంచకు చేరింది. రెండు కళ్లకూ పొరలు కమ్మేశాయి. అల్లుడు ఆవిడ మంచం నుంచి పెరటి తలుపు దాకా గోడ పొడుగునా ఇనుప కమ్మీ వేశాడు. పట్టుకుని నడిచే చేతికి గీసుకోకుండా మూడు రోజులు ఆకురాయితో నున్నగా అరగదీశాడు. ఆవిడకు జ్వరమొస్తే పక్కన కూర్చుని గంజి తనే తాగించేవాడు. కడుపున పుట్టినవాడు ఉన్నా ఇంత చేసేవాడు కాదని ఆవిడ వచ్చినవాళ్లకల్లా చెప్పుకునేది. ఆ మాట వింటే కూతురికి కడుపు నిండిపోయేది.

ఆ రోజు పొద్దున్న ఒక ఉప్పు బండి ఇంటిముందు ఆగింది. చక్రం మీద ఇనుప పట్టా వదులై దారిలోనే ఊడిపోయిందట. బండివాడి కుడిచేతికి మూడు వేళ్లు లేవు. కమ్మరిని చూడగానే గుర్తుపట్టి కావలించుకున్నాడు. అదే ఫిరంగి దగ్గర గుండ్లు అందించినవాడు. కమ్మరి ముఖంలో సంతోషం కనబడలేదు. పని చూద్దాం పద అన్నాడంతే.

పట్టా ఎర్రగా కాలాక ఇద్దరూ పటకార్లతో ఎత్తి చక్రానికి తొడిగారు. కొయ్య అంటుకుని పొగ లేచింది. వెంటనే నీళ్లు పోస్తేనే ఇనుము బిగుసుకుని కొయ్యను పట్టుకుంటుంది. ఆమె కుండతో సిద్ధంగా నిలబడింది. బండివాడు తొందరపడి, "పొయ్యమ్మా, కానీ" అన్నాడు.

ఆమె పోసింది. కమ్మరి పటకారు వదిలేశాడు. ఖాళీ కుండలు రెండు తీసుకుని నూతికి వెళ్తున్నానని గొణిగి వెళ్లిపోయాడు.

బండివాడు నుదురు కొట్టుకున్నాడు. తన నోటికి బుద్ధి లేదని తిట్టుకున్నాడు. ఇంకా ఆ మాటకు ఉలిక్కిపడుతున్నాడా, పాపం, అన్నాడు. అన్నీ తెలిసిన మనిషితో మాట్లాడుతున్నాననుకుని తన ధోరణిలో చెప్పుకుపోయాడు. పుస్తకంలో రాసిన ఆజ్ఞ వేరే ఉన్నా వాళ్ల ఫిరంగి దగ్గర కానీ అంటే పేల్చమనే. ఆ అలవాటు తెచ్చింది బావమరిదే. పటాలంలో చేరకముందు ఈ కొలిమిలోనే సుత్తి వేసేవాడు కదా, కానీ బావా, కానీ అంటూ అందరికీ అంటించాడు. చివరికి అధికారి కూడా అలాగే అనడం మొదలుపెట్టాడు. గురి కుదిరింది, కానీ, అనగానే కమ్మరి వత్తి అంటించేవాడు.

"ఆ రోజు మంచు. గాయపడినవాళ్లను తేవడానికి మీ తమ్ముడూ ఇంకో నలుగురూ దిబ్బ దిగారు. అధికారి దుర్భిణిలో చూసి, గురి కుదిరింది, కానీ, అని ఆగాడు. మనవాళ్లింకా అక్కడే ఉన్నారు అనబోయాడమ్మా. అప్పటికే మీ ఆయన వత్తి అంటించేశాడు, ఆ ముక్క ఎవరికీ వినబడలేదు. మీ ఆయన తప్పు కాదు. వత్తి నా చేతిలో ఉన్నా నేనూ పెట్టేవాణ్ణే."

శత్రువుల గుండని కాగితం రాసి ఆ అధికారి చేతులు దులుపుకున్నాడట.

"ఏ దిబ్బ?" అని అడిగింది ఆమె. దిబ్బ ఏదైతేనేం, ఏదో ఒకటి అనాలి కాబట్టి అంది. ఆ గొంతు విని ఆమెకు ఇప్పటిదాకా తెలియదని బండివాడికి అర్థమైంది. ఆ తర్వాత అతను తల ఎత్తలేదు. కమ్మరి వచ్చాక ఇద్దరూ చక్రం ఎక్కించారు. బండి వెళ్లిపోయింది. కమ్మరి తన భార్య ముఖం చూశాడు. కొలిమి ముందు కూలబడ్డాడు.

"తమ్ముడి మీద పేల్చింది మీరా?"

"నేనే."

యుద్ధం నుంచి తిరిగొచ్చిన రోజు గుమ్మం ముందు దాకా చెప్పాలనే వచ్చానన్నాడు. అత్తయ్య ఎదురొచ్చి, పోయేటప్పుడు వాడు బాధపడ్డాడా అని ముందే అడిగేసింది. లేదన్నాను, అది నిజమే. మిగతాది రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు ఇవాళ్టికీ రాలేదు. ఇంతే చెప్పాడు.

ఫిరంగి సంగతి ఆమె ఎలాగో దిగమింగగలిగింది. ఈ పదకొండేళ్లు మాత్రం గొంతు దిగలేదు. నిప్పు రవ్వలకు కాలిన ఆ చేతికి ఎన్నిసార్లు తను వెన్న రాసింది, ఆ చేతి గంజి అమ్మ ఎన్నిసార్లు తాగింది. తన ఇంట్లో తననే వెర్రిదాన్ని చేసి కూర్చోబెట్టాడని ఒళ్లు మండిపోయింది.

"అమ్మకు మీరే చెప్పండి. ఇవాళే. మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

ఆయన వాదించలేదు. బూడిదతో మోచేతుల దాకా రుద్దుకుని కడుక్కున్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. భుజాలు కాస్త తేలికపడినట్టు నడిచాడు. అది చూసి ఆమెకు ఇంకా కోపమొచ్చింది. వెనకే వెళ్లి తలుపు దగ్గర నిలబడింది.

ముసలావిడ అడుగుల చప్పుడు పోల్చి, మంచం మీద ఆయనకు చోటిచ్చింది. ఆయన నేలమీదే కూర్చున్నాడు.

"అత్తయ్యా, మీకొకటి చెప్పాలి. ఆ రోజు ఫిరంగి దగ్గర..."

"వచ్చినాయన మీ పటాలం మనిషేగా బాబూ. పొద్దున్న నిన్ను పలకరిస్తుంటే వినబడింది. మా వాణ్ణి ఎరుగునా?"

ఆవిడ ముఖం ఆయన వైపు తిరిగింది. ఆయన ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాడు.

"ఎరుగునట అమ్మా. చాలా మంచివాడని చెప్పాడు. అందరినీ నవ్వించేవాడట."

ఆ మాటలన్నది ఎవరో ఆమెకు ఒక్క క్షణం తెలియలేదు. తనే అంది. ఆలోచించి అనలేదు. అమ్మ ముఖం చూసింది, నోరు దానంతటదే కదిలింది. గుమ్మం ముందు ఆ రోజు ఆయనకు జరిగింది కూడా ఇదేనని అప్పుడు తెలిసింది.

ఆయన తిరిగి భార్య వైపు చూశాడు. ఊరట కనబడుతుందనుకుంది. కనబడలేదు. పదకొండేళ్లకు కూడగట్టుకున్న ధైర్యాన్ని చేతిలోంచి లాగేసుకున్న మనిషిని చూసినట్టు చూశాడు. ఇంకోసారి ఆయనకు అది రాదని ఆమెకు తెలిసిపోయింది. కొలిమి ఆరిపోతుంది అత్తయ్యా అని లేచి వెళ్లిపోయాడు.

ఆమె వెనకాలే వెళ్లబోయింది. తల్లి తడుముకుని ఆమె చెయ్యి దొరకపుచ్చుకుంది.

"ఏమన్నాడమ్మా, ఇంకోసారి చెప్పు."

ఆమె కూర్చుని చెప్పింది. ఈసారి ఇంకో ముక్క కలిపింది.