గాలి ఆగిన విమానం

విమానం తలుపు మూసుకోగానే రఘుపతి సీటు చేతిపిడిని గట్టిగా పట్టుకున్నాడు. గోదావరిఖనిలో ఏళ్ల తరబడి బొగ్గుబాయి దిగుతున్న మనిషి, పైకి ఎగరాలనేసరికి బిగుసుకుపోయాడు. పక్క సీట్లో భార్య మమత కూర్చుంది.

వెళ్లక తప్పదు. ఢిల్లీ దవాఖానలో అతని చెల్లెలు శోభకు సాయంత్రమే ఆపరేషన్. ఆమెది ఎక్కడా దొరకని రక్తం. కలిసింది అన్నదొక్కటే. "బావా, నువ్వొచ్చినంకనే మొదలువెడ్తరట. జల్ది రా," అని శోభ భర్త కిషన్ పొద్దున్నే ఫోన్‌లో ఏడ్చాడు.

శంషాబాద్ దాకా మమత ఫోన్‌లో వీడియోలు చూసి చెబుతూనే వచ్చింది.

"రెక్కల కాడి సీట్లల్ల కుదుపు తక్కువట. మనకేమో ముందల వరుసల దొరికినయి. చెవులు దిబ్బడేస్తె చాక్లెట్ చప్పరించాలెనట."

"అన్నీ నీకే ఎరుక. ఇగ విమానం గూడ నువ్వే నడుపరాదూ," అన్నాడతను.

విమానం మెల్లగా వెనక్కి కదిలింది. అంతవరకూ నెత్తిమీద సుయ్యిమంటున్న చల్లగాలి ఒక్కసారిగా ఆగిపోయింది.

మమత తలెత్తి పైకి చూసింది. ఆమె పుట్టి పెరిగింది కార్మికుల కాలనీలోనే. బాయిలోకి గాలి పంపే పెద్ద ఫ్యాన్ ఆగితే లోపల గ్యాసు కమ్ముకుంటుందని, అక్కడ ఎవరూ ఎందుకని అడగరని, బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ ఎక్కడివక్కడ పడేసి బయటికి నడుస్తారని ఆమెకు తెలుసు. రఘుపతి అప్పటికే బెల్టు ఊడదీసి లేచాడు.

"ఫ్యాన్ బందయింది. లే మమతా, బయటికి నడువు!"

ఎదురుగా చిన్న సీట్లో కూర్చున్న ఎయిర్‌హోస్టెస్ గట్టిగా అంది: "సర్, కూర్చోండి. లేకపోతే విమానం ఆపి మిమ్మల్ని దింపేస్తారు."

"దింపెయ్యండమ్మా, మాకు లేటవుతోంది," అన్నారెవరో వెనక నుంచి.

దింపేస్తే శోభకు రక్తమెక్కడిది? దింపకపోతే, నిజంగానే గాలి ఆడకపోతే? మమతకూ ఊపిరి బరువెక్కింది. ఈ సంగతి ఏ వీడియోలోనూ లేదు. భర్త మణికట్టు పట్టుకుంది.

"అక్కా, నిజం చెప్పు. గాలెందుకు ఆగింది?" అని ఎయిర్‌హోస్టెస్‌ను అడిగింది.

"ఇంజన్లు స్టార్ట్ చేయడానికి ఆ గాలిని అటు మళ్లిస్తారు. కాసేపే. దాదాపు ప్రతిసారీ ఇంతే."

"గా ముచ్చట ముందుగాల చెప్తె మీ సొమ్మేం పోయె!" అని మమత భర్త వైపు తిరిగింది. "ఇగో, ఆమె ఉరుకుతుందా? బాయిల మిమ్ముల నడిపే సర్దారు కదలకుంట కూసుంటె నువ్వొక్కనివే ఉరుకుతవా?"

రఘుపతి ఆ అమ్మాయిని తేరిపార చూశాడు. ఆమె బెల్టు బిగించుకుని నిమ్మళంగా ఉంది. అతను కూలబడ్డాడు. కాసేపటికి గాలి మళ్లీ వచ్చింది.

విమానం హోరుమని పరుగెత్తి లేచింది. నేల ఇంకా కనిపిస్తుండగానే ఆ హోరు హఠాత్తుగా తగ్గింది. విమానం కిందికి జారినట్లయింది.

"మోటరు ఆగుతాంది," అన్నాడు రఘుపతి. చెయ్యి బెల్టు మీదికి పోయింది.

ఇదేమిటో మమతకూ తెలియదు.

"గిది గూడ గంతే. పైకెక్కినంక మోత తగ్గిస్తరు," అంది తడబడకుండా.

"వీడియోల చెప్పిండ్రా?"

"చెప్పిండ్రు."

రఘుపతి కళ్లు మూసుకున్నాడు. ఎదురుగా ఆ అమ్మాయి బెల్టు తీసి, జుట్టు సవరించుకుని లేచేదాకా మమత ఆమె మీది నుంచి చూపు తిప్పలేదు.