ఎర్ర గీత

ఫొటోగ్రాఫరు తాను తీసిన జింక ఫొటోను రెండు రకాలుగా ప్రింటు వేసి, స్టూడియోలో చేతులు కడుక్కునే తొట్టి పైన గోడకు అంటించాడు. ఒకటి రంగుల్లో, ఒకటి నలుపు తెలుపులో. పని మధ్యలో అటు వచ్చినప్పుడల్లా కన్ను దేనిమీదికి పోతే అదే మంచి ఫొటో అని వాళ్ల నాన్న నేర్పిన పద్ధతి. ఆ సాయంత్రానికి ప్రదర్శనకు ఒకటి పంపాలి.

నలుపు తెలుపులో జింక రాతిలో చెక్కినట్టుంది. మెడకు బిగిసిన ఉచ్చుతీగ నీడలో కలిసిపోయింది. రంగుల దాంట్లో తీగ కోసిన ఎర్ర గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఫొటో తీసిన కాసేపటికే ఆ జింక అతని కళ్లముందే ముందుకాళ్ల మీద కూలిపోయింది.

"ఇంకా ఎంతసేపురా కోడిగుడ్డు మీద ఈకలు పీకుతావు?" అంది ఫ్రేములు కట్టే అక్క.

"నలుపు తెలుపే అక్కా. పొద్దుట్నుంచి నా కన్ను దానిమీదికే పోతోంది."

"పోతోందా, రెండోదానికి భయపడి అక్కడ దాక్కుంటోందా? ఇందాక ముఖం కూడా పక్కకి తిరిగి కడుక్కున్నావు."

అతను వెళ్లి రంగుల ఫొటోకు ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి తల తిప్పుకోలేదు.

"చూసినవాళ్లు మొహం తిప్పుకుంటారక్కా."

"తిప్పుకోనీరా. ఎందుకు తిప్పుకున్నారో వాళ్లకి తెలుస్తుందిగా."

అతను రంగుల ఫొటోను నెమ్మదిగా ఊడదీసి అక్క చేతిలో పెట్టాడు.

"సన్న ఫ్రేము వెయ్యి. మెడమీద నీడ పడకూడదు."