వెనక తలుపు నుంచి రండి

మినిట్స్ రాయడం అంట్లు తోమడం లాంటి పని. చేసినన్నాళ్ళూ ఎవరి కంటికీ ఆనదు. ఒక్క పూట మానేస్తే మాత్రం అందరూ ముక్కు మూసుకుంటారు. మా ఆర్డెల్ టౌన్ హాల్లో నెలకు రెండు మంగళవారాలు కౌన్సిల్ సమావేశం ఉంటుంది. అక్కడ ఎవరేం మాట్లాడారో రికార్డు విని, టైపు చేసి, ఊరి వెబ్‌సైటులో పెడతాను. నిజానికి అది టౌన్ క్లర్కు మార్జీ పని. నా ఉద్యోగం నీళ్ళ బిల్లుల కిటికీ దగ్గర. పదకొండేళ్ళ కిందట ఒకసారి "నీ వేళ్ళు భలే చురుకు నోయెమీ" అని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు వెనకాలే పని కూడా నా బల్ల మీదికి జారింది. ఆఫీసులో తెమలదు కాబట్టి ఇంటికి తెచ్చుకుని, ఒక పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతుంటే, ఇంకో పొయ్యి మీద రొట్టెలు కాలుతుంటే, మధ్యలో పెద్దమనుషుల మాటలు టైపు చేసేదాన్ని.

తర్జుమా కూడా అలాగే నెత్తిన పడింది. మాంసం ఫ్యాక్టరీ వచ్చాక ఈ నెబ్రాస్కా మూలన సగం ఊరు స్పానిష్ మాట్లాడేవాళ్ళే. నీళ్ళ కుళాయి తగాదా అయినా, కుక్కల లైసెన్సు అయినా, "నోయెమీ, ఒక్క నిమిషం రా" అని పిలుపు. దానికి విడిగా ఏమైనా ఇస్తారా అని ఒకసారి మేయర్ లుండ్‌క్విస్ట్ గారిని అడిగాను. ఆయన నవ్వారు. "మీ అమ్మ నేర్పిన భాషకు కూడా డబ్బులడుగుతావటమ్మా?" అన్నారు. ఇంటికొచ్చి మా ఆయన ఎవరార్దోతో చెప్పుకుంటే అతనూ నవ్వాడు. "నోట్లో మాట ఇటు నుంచి అటు తిప్పడం కూడా ఒక పనేనా? నేను ఫ్యాక్టరీలో రోజుకు పది గంటలు కత్తి తిప్పుతున్నా." టెక్సస్‌లో ఉన్న మా అత్తగారు ఫోన్లో ఎప్పుడూ అనే మాట ఒకటుంది. "కూర్చుని చేసే ఉద్యోగమేగా, లేచి నాలుగు రొట్టెలు చెయ్యడానికి ఏం నొప్పే నీకు?"

డబ్బు రాని పనిలో మనిషికి మిగిలేది పొగరొక్కటే. నాకది ఉండేది. ఒక్క మాట వదలను, ఒక్క మాట కలపను. ఎవరైనా తిడితే ఆ తిట్టు తిట్టులాగే అప్పజెప్పేదాన్ని. "నువ్వు మనిషివి కాదమ్మా, పైపువి. ఇటు పోస్తే అటు వస్తుంది" అని ఒక కౌన్సిలర్ అంటే మురిసిపోయాను కూడా.

దెల్ఫినా నా కూతురు లుసేరోకు జ్ఞానమాత, చర్చిలో బాప్తిస్మమప్పుడు పిల్లను ఎత్తుకున్న మనిషి. మేమిద్దరం ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటాం. గ్వాతెమాలా కొండల్లోంచి వచ్చిన మనిషి. ఎల్మ్ వీధిలో ఒక ఇంటి వెనక గది అద్దెకు తీసుకుని, బడి వదిలాక మా వాడలో పిల్లల్ని చూసుకునేది. నేను తొమ్మిదింటి దాకా కౌన్సిల్లో కూర్చుని మార్జీ పని చెయ్యగలిగానంటే నా పిల్ల దెల్ఫినా పొయ్యి దగ్గర కడుపునిండా తిని ఉందన్న ధైర్యంతోనే. నా ఉద్యోగం ఆమె వీపు మీద నిలబడింది. ఆమెకు ఈ దేశంలో ఉండడానికి కాగితాలు లేవు. ఆ సంగతి నాకు తెలుసు, అందరికీ తెలుసు. పన్నెండేళ్ళుగా ఎవరికీ పట్టలేదు.

ఈ చలికాలం పట్టింది. పక్క ఊళ్ళో ఇమిగ్రేషన్ వాళ్ళు దిగి ఇద్దర్ని పట్టుకుపోయారు. మా కౌన్సిల్లో ఒక తీర్మానం వచ్చింది. మొదటి వాక్యం, ఊరు తన వాళ్ళందరినీ గౌరవిస్తుందని. రెండోది, మా ఊరి పోలీసులు ఆ ఇమిగ్రేషన్ వాళ్ళకు ఏ రకంగానూ సాయం వెళ్ళకూడదని. ఆ రెండోదే అసలు సంగతి. మేయర్ గారు నన్ను పిలిచి, "మీవాళ్ళలో ఒకరు లేచి మాట్లాడితే బరువుంటుంది నోయెమీ. ఓట్లు అటూ ఇటూగా ఉన్నాయి" అన్నారు.

నేను దెల్ఫినా దగ్గరికి వెళ్ళాను. నేనే వెళ్ళాను.

"నేనా? నాకు చెమటలు పడతాయి వదినా."

"మూడు నిమిషాలే. నా నోటితో వాళ్ళకు చెబుతా. నువ్వు నీ మాట చెప్పు చాలు."

మా వంటింట్లో గుడ్లు ఉడకబెట్టే గడియారం పెట్టుకుని రెండు రోజులు సాధన చేశాం. సగం టైము నా తర్జుమాకు పోతుంది కాబట్టి ఆమెకు దక్కేది నిమిషంన్నర. పన్నెండేళ్ళ బతుకును నిమిషంన్నరకు కుదించడం చూస్తే నవ్వొచ్చింది మాకు. "నా మొగుడి గురించి తీసేస్తా వదినా, వాడికి అంత టైము దండగ" అంది.

మా కౌన్సిల్లో ఒక ఆచారం ఉంది. లేచి మాట్లాడే ప్రతివాళ్ళూ ముందు పేరు, ఇంటి నంబరు, వీధి గట్టిగా చెప్పాలి. పొరుగూరి వాళ్ళు వచ్చి మన గొడవల్లో నోరు పెట్టకుండా ముత్తాతలు పెట్టిన నియమం. అది చెప్పకపోతే ఎంత మాట్లాడినా రికార్డుకు ఎక్కదు.

"ఇల్లు కూడా చెప్పాలా?" అని అడిగింది దెల్ఫినా. అడిగింది, నాకు గుర్తుంది.

"చెప్పాలి వదినా. చెబితేనే నువ్వు ఈ ఊరిదానివని లెక్క."

ఆ మాట ఆమెకు నచ్చింది.

మంగళవారం నీలం గౌను ఇస్త్రీ చేసుకుని వచ్చింది. మైకు దగ్గర టైము చూపే దీపాలుంటాయి, పచ్చది వెలిగితే మొదలుపెట్టాలి, ఎర్రది వెలిగితే ఆపాలి. పచ్చ దీపం వెలిగింది. ఆమె పేరు చెప్పింది. ఎల్మ్ వీధి ఆరువందల పద్నాలుగు అంది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ వాళ్ళ కొండల్లో ఇల్లు చెప్పడమంటే రమ్మని పిలవడమే. తలుపు చెప్పకుండా ఇల్లు చెబితే మర్యాద కాదు. "ముందు తలుపు బిగుసుకుపోయి రాదు, వెనక తలుపు నుంచి రండి. పగలంతా ఇంట్లోనే ఉంటా. దాల్చినచెక్క వేసి కాఫీ ఇస్తా, మీకందరికీ" అంది. నేను ఒక్క మాట వదలకుండా చెప్పాను. హాలంతా నవ్వింది. మంచి నవ్వే. మేయర్ గారు కూడా చెయ్యెత్తి "వస్తాం, వస్తాం" అన్నారు.

తరవాత రెండో వాక్యం కొట్టేశారు. మిగిలిన మొదటి వాక్యాన్ని నలుగురు ఔననగా, ఇద్దరు కాదనగా ఆమోదించి చప్పట్లు కొట్టుకున్నారు. మర్నాడు నేను గింజలు ఉడకబెడుతూ అదంతా టైపు చేశాను. ఇంటి నంబరు, వెనక తలుపు, కాఫీ. చదువుకుని, ఎంత బాగా వచ్చిందో అనుకుని, వెబ్‌సైటులో పెట్టాను.

తొమ్మిదో రోజు పొద్దున పదింటికి వచ్చారు.

లుసేరో బడి బస్సు దిగి దెల్ఫినా గదికి వెళ్ళేసరికి తలుపు తెరిచే ఉందట. గది నిండా పొగ. కబురు తెలిసి నేను ఆఫీసు నుంచి పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి మంచులో మెట్ల మీద కూర్చుని ఉంది. "పొయ్యి నేనే ఆపేశానమ్మా" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల. మాడిన కుండ పక్కన పెట్టుకుంది, ఎవరైనా తోముతారన్నట్టు.

ఎదురింటి ముసలావిడ రోడ్డు దాటి వచ్చింది. "మన పోలీసు కారే వీధి చివర అడ్డం పెట్టుకుని నిలబడిందమ్మా, జనానికి దెబ్బలు తగలకుండానట. ఆ ఇమిగ్రేషన్ వాళ్ళు ముందు తలుపు వైపు కన్నెత్తి కూడా చూళ్ళేదు. తెలిసిన ఇంటికి వచ్చినట్టు నేరుగా వెనక్కే వెళ్ళారు."

మాడిన కుండ చంకన పెట్టుకుని, లుసేరో చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాను.

రాత్రి అన్నాల దగ్గర చెబితే ఎవరార్దో రొట్టె చుడుతూ, "అది చూసే వచ్చారని నీకెవరు చెప్పారు? నువ్వు టైపు చేసింది ప్రపంచం చదువుతుందనుకుంటున్నావా? మరీ అంత గొప్పదానివా?" అన్నాడు. ఆ మాట పట్టుకుని బతకొచ్చు. నా తప్పేమీ లేదని నిరూపించుకోవడానికి నేనెంత చిన్నదాన్నో ఒప్పుకుంటే చాలు. ఆ రాత్రి కాసేపు ఒప్పుకున్నాను కూడా.

పొద్దున్నే మార్జీ దగ్గరికి వెళ్ళి ఆ వాక్యం తీసేద్దామన్నాను.

"జరిగింది జరిగినట్టు ఉండాలి కదమ్మా రికార్డంటే," అంది ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ. "అయినా ఒక్క ముక్క కూడా వదలనిదానివి నువ్వేగా."

మధ్యాహ్నానికి మేయర్ గారు ఒక ప్రకటన పట్టుకొచ్చారు. జరిగినదానికి కౌన్సిల్ ఆందోళన చెందుతోందట. పోలీసులు ట్రాఫిక్ చూశారు తప్ప సాయం చెయ్యలేదట. "దీన్ని మీ భాషలో పెట్టెయ్యి నోయెమీ. అయిదు నిమిషాల పని."

పెట్టాను. దాచడమెందుకు, పెట్టాను. ఆందోళన అన్న మాటకు మంచి మాట కోసం వెతికాను కూడా.

ఆదివారం దెల్ఫినా ఫోన్ చేసింది, ఎక్కడో జైలు నుంచి. గొంతు బొంగురుపోయి ఉంది. లుసేరో తిందా అని అడిగింది. కుండ మాడిపోయిందా అని అడిగింది. తరవాత, "నువ్వెంత బాగా చెప్పావు వదినా ఆ రోజు! ఒక్క మాట వదల్లేదు. కాఫీ అనగానే అందరూ నవ్వారు చూడు. మంచివాళ్ళే. ఆ మేయర్ గారికి చెప్పు, ఏమైనా చేస్తారు" అంది. చెబుతానన్నాను. ఆ ఇల్లు వాళ్ళకు ఎలా తెలిసిందో మాత్రం నా నోటికి రాలేదు. పదకొండేళ్ళలో నేను వదిలేసిన మొదటి మాట అది. మూడో వారానికల్లా ఆమెను విమానం ఎక్కించి పంపేశారు.

తరవాతి సమావేశానికి మావాళ్ళు ఒక్కరూ రాలేదు. పాత మినిట్స్‌లో దిద్దుబాట్లేమైనా ఉన్నాయా అని అలవాటుగా అడిగి, లేవనుకుని, ఆమోదించేశారు. మాట్లాడేవాళ్ళున్నారా అన్నారు మేయర్ గారు. ఆయన పక్కన నేను తర్జుమా చేసే కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, మైకు ముందు నిలబడ్డాను. మార్జీ కళ్ళజోడు పెట్టుకుంది.

"నోయెమీ బారియెంతోస్," అన్నాను.

"ఇంటి నంబరు?" అన్నారు మేయర్ గారు, నవ్వుతూ.

"చెప్పను."

"రికార్డుకు ఎక్కదమ్మా."

"ఎక్కక్కర్లేదు."

పచ్చ దీపం వెలిగింది. దెల్ఫినా ఆ రోజు చెప్పిందంతా స్పానిష్‌లోనే చెప్పాను, ఇల్లు, తలుపు, కాఫీ తీసేసి. మధ్యలో తర్జుమా లేదు కాబట్టి టైము మిగిలింది. ఆ మిగిలిన టైములో ఆమె తీసేసిన మొగుడి సంగతి కూడా చెప్పాను. ఆరుగురు కౌన్సిలర్లు మర్యాదగా తలలూపుతూ, అర్థం ఎప్పుడొస్తుందా అని నా ఖాళీ కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఎర్ర దీపం వెలిగింది. కూర్చున్నాను. దానివల్ల ఏమీ జరగలేదు. తరవాత కుక్కల లైసెన్సుల సంగతి ఎత్తుకున్నారు.

మర్నాడు నీళ్ళ బిల్లుల కిటికీ దగ్గరికి మార్జీ వచ్చింది, చేతిలో కాగితంతో. "రికార్డుకు కాకపోయినా మేయర్ గారు తెలుసుకోవాలంటున్నారు. నిన్న నువ్వేం చెప్పావో ఇంగ్లీషులో రాసివ్వు నోయెమీ. అయిదు నిమిషాల పని."

కాగితం వెనక్కి తోశాను.

"నాకు ఆ భాష రాదు మార్జీ," అన్నాను, మంచి ఇంగ్లీషులో.