ఇటుకల మీద నమ్మకం

ఇమ్మానుయేలు గారు రైల్వే వ్యాగన్ షాపులో ముప్పై నాలుగేళ్లు పనిచేశారు. చివరి పదకొండేళ్లూ కార్మికుల భద్రత చూసే ఉద్యోగం. జాకీల మీద ఎత్తిన రైలు డబ్బా కింద స్టాండ్లు పెట్టకముందే తల దూర్చాడని ఒక ఖలాసీని మూడు రోజులు పనిలోంచి తప్పించిన మనిషి. ఏటా భద్రతా వారోత్సవాల్లో ఆయన ఉపన్యాసం తప్పనిసరి. రిటైరయ్యాక కలకత్తా పక్కనున్న సంత్రాగాఛిలోనే చిన్న ఇల్లు కట్టుకుని భార్య దయమ్మతో, కూతురు జూలియాతో ఉంటున్నారు.

జూలియా భవానీపూర్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తుంది. ఈమధ్యనే ఒక పాత కారు కొంది. ఇంజనాయిలు మార్చే వేళయిందని మెకానిక్కు దగ్గరకు బయల్దేరబోతే ఇమ్మానుయేలు గారు అడ్డుపడ్డారు. ఇంట్లో తనుండగా పరాయివాడు కారు మీద చెయ్యి వేయడమేమిటన్నారు. సరేనని జూలియా రెండు ఇనుప స్టాండ్లు తెప్పించి, ఎలా వాడాలో ఇచ్చిన కాగితం రెండుసార్లు చదివింది. ఆ కాగితం తండ్రికిస్తే ఆయన దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నారు.

ఆదివారం చర్చినుంచి వచ్చి, బట్టలు మార్చుకుని, స్టాండ్లు పట్టుకుని ఆమె పెరట్లోకి వెళ్లేసరికి పని మొదలైపోయింది. వానలకు మెత్తబడిన మట్టిలో కారు ముందు భాగం జాకీ మీద లేచి ఉంది. జాకీ పక్కన, కారు అడుగున, నాలుగు ఇటుకలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. వెనక చక్రాలకు అడ్డు ఏమీ లేదు. కారు కిందనుంచి లుంగీ, రెండు పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

బయటికి రమ్మని జూలియా నెమ్మదిగానే చెప్పింది.

“డబ్బాలెత్తినోడినమ్మా నేను. ఈ అగ్గిపెట్టెకి స్టాండ్లేటి? ఇటికలున్నాయి కదా” అని కిందనుంచి జవాబొచ్చింది.

వాదించి లాభం లేదని ఆమెకు తెలుసు. ఒక్క క్షణం ఆలోచించింది. పాత షాపునుంచి ఫోనొచ్చిందనీ, ఈ ఏడు కూడా భద్రత గురించి ఆయనే మాట్లాడాలంటున్నారనీ చెప్పింది. ఇమ్మానుయేలు గారు గబగబా బయటికొచ్చి, చేతులు లుంగీకి తుడుచుకుంటూ ఫోనేదని అడిగారు.

“ఫోను లేదు నాన్నా. గోడ దగ్గర నిలబడు. ఒక్కసారి కారు కదిపి చూస్తాను.”

తలుపు మీద చెయ్యివేసి కాస్త నెట్టింది. ఊగుతుందని చూపించడమే ఆమె ఉద్దేశం. జాకీ అడుగు మట్టిలో ఒక పక్కకు ఒరిగింది. కారు వెనక్కి జారి పెద్ద చప్పుడుతో కిందపడింది. పై రెండు ఇటుకలూ పొడైపోయాయి.

ఇమ్మానుయేలు గారు తనింతసేపూ పడుకున్న చోటుకేసి అలా చూస్తూ ఉండిపోయారు. దయమ్మ నీళ్లు తెచ్చి ఇస్తే, గ్లాసు పట్టుకుని అరుగు మీద కూలబడ్డారు.

“గుండె మీదకే వచ్చేది కదే” అన్నారు మెల్లగా.

చప్పుడు విని పక్కింటి తపన్ బాబు గోడమీంచి తొంగిచూసి ఏమైందని అడిగాడు. ఇమ్మానుయేలు గారు ఒక్క గుటక నీళ్లు తాగి నిటారుగా కూర్చున్నారు.

“ఏం లేదు దాదా. ఇటికలని నమ్మితే ఏటవుద్దో పిల్లకి చూపిస్తన్నాను.”

దయమ్మ నోరు తెరవబోయింది. జూలియా వద్దన్నట్టు తల ఊపింది.

ఆ మధ్యాహ్నం పని పద్ధతిగానే జరిగింది. కారును వాకిట్లోని గట్టి సిమెంటు నేలమీదకు తెచ్చి, గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్కలు బిగించారు. కాగితంలో గుర్తుపెట్టిన చోటే జాకీ ఆనించి ఒక్కోపక్కా ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదకు దించారు. గట్టిగా ఊపి చూశాకే ఇమ్మానుయేలు గారు కిందకు దూరారు. కాగితం చదివింది జూలియా. తపన్ బాబు గోడమీంచి అంతా చూసి, అనుభవం అంటే ఇదీ అన్నాడు.

సంగతి వీధంతా పాకింది. పై ఆదివారం అందరికీ ఒకసారి చూపించమని అడిగారు. పదిహేను మంది వచ్చారు. ఇమ్మానుయేలు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముప్పావుగంట మాట్లాడారు. స్టాండ్లు లేకుండా కారు కింద చెయ్యి కూడా పెట్టకూడదని చెబుతున్నప్పుడు ఆయన గొంతు వణికింది. అది నటన కాదని జూలియాకూ దయమ్మకూ మాత్రమే తెలుసు. ఆ తర్వాత ఆ రోజు జరిగింది చెప్పారు. అందులో ఇటుకలు పేర్చింది జూలియా, ఆమెను చెయ్యిపట్టి ఇవతలికి లాగింది ఆయన.

తపన్ బాబు భార్య జూలియా దగ్గరకు వచ్చి, ఇన్సూరెన్స్‌లో పనిచేసే పిల్లవి, నీకైనా ఆ మాత్రం తెలియాలి కదా అని మందలించింది. జూలియా తల వంచుకుని, ఇకనుంచి జాగ్రత్తగా ఉంటానని మాటిచ్చింది.