కొసరుకి గడి లేదు

కడియం చుట్టుపక్కల నర్సరీలు పెట్టుకున్నవాళ్ళకి నూరు మొక్కలంటే నూట అయిదు. ఇదేమీ ఎవరో చట్టం చేసి పెట్టింది కాదు. లారీ కుదుపులకీ ఎండకీ దారిలో నాలుగు పోతాయి, కొన్నవాడి చేతికి మాత్రం నూరు అందాలి, అంతే. కొసరు అడిగాక ఇచ్చేది కాదు, అడక్కముందే ఎక్కించేది. మాణిక్యాంబ అయితే కొసరు మొక్కల్ని ఏరి మరీ పెడుతుంది. భర్త పోయాక పన్నెండేళ్ళుగా రెండెకరాల నర్సరీని ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి. ఇన్నేళ్ళలో ఏ ఊరికీ ఆవిడ దగ్గర్నుంచి ఒక్క మొక్క తక్కువ వెళ్ళలేదు. ఆవిడకి ఉన్న గర్వమల్లా అదొక్కటే.

రెండువేల నాలుగులో బంగ్లాదేశ్ నుంచి బేరం వచ్చింది. ఖుల్నాలో రఫీక్ అనే తోటల ఆసామి కలకత్తా ప్రదర్శనలో కొత్తపల్లి కొబ్బరి మామిడిపండు తిని మనసు పారేసుకున్నాడట. వెయ్యి అంటుమొక్కలు కావాలన్నాడు. అవి బతికి చేరితే ఏటా ఇక్కడే కొంటానన్నాడు. వెయ్యీ చేరుస్తానని మాణిక్యాంబ మాటిచ్చింది. ప్రతి అంటూ తన చేత్తో కట్టుకున్నదే, భయమెందుకు?

సరిగ్గా అప్పుడే సర్కారు కళ్ళు ఆవిడ మీద పడ్డాయి. రెండు దేశాల మధ్య సరుకు కాగితం లేకుండా, కంప్యూటర్ల మీదే సరిహద్దు దాటాలని ఢిల్లీలో ఎవరికో బుద్ధి పుట్టింది. దానికో ట్రయల్ పెట్టారు. ట్రయల్‌కి ఒక సరుకు కావాలి కదా. మొక్కలు దొరికాయి.

రాజమండ్రి ఆఫీసు నుంచి ఉదయభాస్కర్ అనే కంప్యూటర్ ఆఫీసరు వచ్చాడు. కుర్రాడు మంచివాడే, కాకపోతే మొక్కని ఫొటోలో తప్ప చూసినట్టు లేడు.

"కాగితాలైతే సరిహద్దు గేటు దగ్గర నాలుగు రోజులండి. మా సిస్టంలో నలభై నిమిషాలు," అన్నాడు.

"రోహిణీకార్తె ఎండలు బాబూ. తొలకరి పడ్డాక పంపుతాను."

"తేదీ ఖాయమైపోయిందండి. రెండు దేశాలూ సంతకాలు పెట్టేశాయి."

వానదేవుణ్ణి మాత్రం ఆ కమిటీలో వేసుకోలేదు.

రాజమండ్రి ఆఫీసులో కంప్యూటర్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. పై అధికారి జగన్నాథరావు గారు కాగితం లేని వ్యాపారం గురించి నాలుగు కాగితాలు చూసి చదివారు. మాణిక్యాంబకి ఒక పాస్‌వర్డ్ ఇచ్చి, ఎవరికీ చెప్పొద్దన్నారు. ఆవిడ చెప్పలేదు. ఉదయభాస్కర్ అడిగిన వివరాలన్నీ చెప్పింది, అతను మొక్కలు వెయ్యి అని కొట్టుకున్నాడు. ఇంటికొచ్చి ఆవిడ లారీలో వెయ్యిన్నీ యాభై ఎక్కించింది. తప్పు చేస్తున్నానన్న ఆలోచనే ఆవిడకి రాలేదు. అన్నం వడ్డించాక మారు అడగడం తప్పని ఎవరనుకుంటారు?

డ్రైవరు భీమరాజు పదిహేనేళ్ళుగా ఆవిడ మొక్కలే తోలుతున్నవాడు. మూడోనాటికి సరిహద్దు చేరి, ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు.

"అమ్మగారూ, బండి ఆపేశారండి. లెక్కెడితే వెయ్యిన్నీ యాభై వచ్చిందంట. కంప్యూటరు ఎర్రగా అయిపోయిందండి."

మాణిక్యాంబ ఆ ఫోన్ పెట్టేసి రాజమండ్రి బస్సెక్కింది.

"ఆ యాభై ఏంటండి?" అన్నాడు ఉదయభాస్కర్.

"కొసరు బాబూ."

"కొసరుకి గడి లేదండి."

"పోనీ, ఊరికే ఇచ్చామని రాయి."

"ధర సున్నా వేస్తే తీసుకోదండి. కానుక అని వెయ్యొచ్చు. అప్పుడు ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ చుట్టరికం ఏంటో చెప్పాలి."

ఖుల్నా రఫీక్‌కీ తనకీ చుట్టరికమేమిటో ఆవిడకి తట్టలేదు. యాభయ్యీ దించేసి బండి వదలమంది. అదీ కుదరదట. సరిహద్దు యార్డులో మట్టితో ఉన్న మొక్కని దించితే తెగుళ్ళ చట్టం ఒప్పుకోదు. వెనక్కి తిప్పుకు రావడానికి ట్రయల్లో ఆ దారే పెట్టలేదు. కాగితం రాసి పంపేద్దామంటే, ఒక్క కాగితం వాడినా ట్రయల్ ఫెయిలైనట్టు లెక్క. ఉదయభాస్కర్ రెండు రోజులు ఢిల్లీకి ఫోన్లు చేశాడు. తల ప్రాణం తోకకి వచ్చాక దారి ఒకటి దొరికింది. అది చెప్పడానికి నర్సరీకి తనే వచ్చాడు.

"ఎండిపోయిన మొక్క సరుకు కిందకి రాదంటండి. ఓ యాభై ఎండితే, లెక్క వెయ్యికి దిగి, గేటు తెరుచుకుంటుంది."

ఏళ్ళ తరబడి మొక్క బతకడానికి ఏం చెయ్యాలో అందరికీ చెప్పిన మాణిక్యాంబని, ఇప్పుడు మొక్కల్ని చంపమని అడుగుతున్నారు. ఆవిడకి ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. కానీ లారీలో మిగతా వెయ్యీ ఎండలో ఉన్నాయి.

ఆ సాయంత్రం భీమరాజు ఫోన్ చేస్తే, ఓ యాభైకి నీళ్ళు ఆపమంది.

"ఆయ్... ఏ యాభైకండి?"

"నాకు చెప్పకు భీమరాజూ. నువ్వే చూడు," అని పెట్టేసింది.

ఏరి ఎక్కించిన అంట్లు కదా, అవి ఓ పట్టాన చావలేదు. మొండిగా మూడు రోజులు ఆకు పచ్చగానే పట్టుకున్నాయి. యార్డు గుమస్తా పొద్దున్నా సాయంత్రమూ వచ్చి, ఆకు గిల్లి చూసి, ఇంకా పదహారు బతికే ఉన్నాయని విసుక్కుంటూ పోయేవాడు. బోరింగు నీళ్ళు బిందెతో మోసి భీమరాజు మిగతావాటికి పోశాడు గానీ, వెయ్యి మొక్కలకి ఒక్క బిందె ఏ మూలకి? మొత్తానికి యాభయ్యోది తల వాల్చేసింది. కంప్యూటరు పచ్చబడింది. గేటు తెరుచుకున్న మరుక్షణం, అవతలి దేశం కంప్యూటర్లో వెయ్యి మొక్కలు క్షేమంగా అందినట్టు దానంతటదే నమోదైపోయింది. అప్పటికి లారీ ఇంకా ఇవతలే ఉంది.

ఖుల్నా చేరేసరికి మరో ముప్ఫై పోయాయి. రఫీక్ తోటలో దించి లెక్కపెట్టుకున్నాడు. భీమరాజు తన హిందీతో అతని మాట ఫోన్లో తిప్పి చెప్పాడు.

"తొమ్మిదొందల డెబ్భై ఉన్నాయంటున్నారండి. కంప్యూటరేమో వెయ్యి అందాయంటోందంట. మాణిక్యాంబ గారు ఏది చెబితే అదే నమ్ముతానంటున్నారండి."

తిట్టినా బాగుండేది. సిగ్గుతో ఆవిడకి ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడే రాజమండ్రిలో సభ. పక్కదేశం అధికారులు కూడా వచ్చారు. నలభై నిమిషాలని చెప్పిన పని అయిదు రోజులు పట్టింది గానీ, ఆగిన సమయాన్ని సిస్టం లెక్కలోకి తీసుకోదు కాబట్టి ముప్ఫై ఎనిమిది నిమిషాలే అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. మాణిక్యాంబకి శాలువా కప్పి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. సరుకు పంపినవాళ్ళు తమ పాస్‌వర్డ్‌తో ఒక్క మీట నొక్కితే ట్రయల్ ముగిసినట్టు. ఆ రాత్రికే నివేదిక ఢిల్లీకి వెళ్ళాలి.

తెర మీద ప్రశ్న ఉంది, సరుకు పూర్తిగా అందినదా అని. దాని కింద 'అవును' అని ఒక్కటే ఉంది.

"కాదు ఎక్కడుంది బాబూ?"

"కాదు ఇంకా పెట్టలేదండి," అన్నాడు ఉదయభాస్కర్ గొంతు తగ్గించి. "రెండో దశలో పెడతాం. మీరు నొక్కెయ్యండి."

"ముప్ఫై తక్కువ వెళ్ళాయి కదా. అవి పంపాక నొక్కుతాను."

"వెయ్యీ అందాయని ఉందండి. అందినవాటిని మళ్ళీ పంపడానికి సిస్టంలో కారణం లేదు."

"సిస్టంకి లేకపోతే నాకుంది బాబూ. నేను మాటిచ్చాను," అంది మాణిక్యాంబ. పాస్‌వర్డ్ చెప్పమని అతను బతిమాలాడు. ఎవరికీ చెప్పొద్దన్నారుగా అంది. జగన్నాథరావు గారు వేదిక దిగి వచ్చి నచ్చజెప్పబోతే, ఆవిడ లేచి నిలబడి నమస్కారం పెట్టింది గానీ మీట జోలికి పోలేదు. పక్కదేశం వాళ్ళు వాచీలు చూసుకుంటున్నారు. ఆయన మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

నివేదిక ఒక్కరోజు వాయిదా పడింది. మర్నాడు తెల్లవారేసరికి ఆఫీసు జీపు నర్సరీ ముందు ఆగింది. అందులోంచి జగన్నాథరావు గారే దిగారు. మాణిక్యాంబ మొక్కలు తడిపి, గడ్డి చుట్టి, ఒక్కొక్కటే జీపులో ఎక్కించింది. ముప్ఫై దాటాక కూడా ఆవిడ చెయ్యి ఆగలేదు. ఆయన అది చూస్తూనే జేబులోంచి తెల్లకాగితాలు తీసి, బానెట్ మీద పెట్టి, దారిలో చెక్‌పోస్టులకి తెలుగులో ఒకటీ గేటు అధికారికి ఇంగ్లీషులో ఒకటీ తన చేత్తో చీటీలు రాసి, గుండ్రటి ముద్ర కొట్టారు. మొక్కల సంఖ్య దగ్గరకి వచ్చేసరికి కలం ఆపి ఆవిడకేసి చూశారు.

"ఎన్నని రాయమంటారండి?"

"మీ ఇష్టమండి," అంది మాణిక్యాంబ, మరో అంటు ఎక్కిస్తూ.

ఆయన 'సుమారు ముప్ఫై' అని రాశారు.