మలుపు కింద ఊట

"హాల్లో వద్దన్నానా లేదా?" వెంకటశేషమ్మ మూడోసారి అంది.

కోడలు బిందు ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబడి ఉంది, ఒక చేతిలో మేకు, ఇంకో చేతిలో సుత్తి. కొడుకు పెంచలప్రసాద్ కింద నిలబడి ఫ్రేమ్ కట్టించిన ఫోటో పట్టుకున్నాడు. ఫోటోలో కొత్త సిమెంటు కాలువ, దానికి అడ్డంగా రిబ్బను, కత్తెర పట్టుకున్న ఆఫీసరు. ఆయన పక్కన వెంకటశేషమ్మ భర్త, నీటి సంఘం అధ్యక్షుడు పద్మనాభయ్య, ఇస్త్రీ చొక్కాలో.

"ఇట్టాంటి ఫోటో ఎవురైనా దాచిపెట్టుకుంటారామ్మా?"

"దాచిపెట్టమని ఎవురన్నారు? వెనక గదిలో పెట్టు."

"వెనక గదిలో వడ్ల బస్తాలుండాయి. నాయన్ని చూసి ఎలకలు దండం పెట్టుకుంటాయా?"

బిందుకు నవ్వొచ్చింది. అత్త మొహం చూసి ఆపుకుంది. "అత్తా, పొద్దున్నుంచి కుర్చీ ఎక్కి దిగతావుండా. ఏదో ఒక గోడ చెప్పండి, కొట్టేస్తా."

"మీ అత్తకి ఫోటోలో నేను బాగలేనంట్లే," అన్నాడు పద్మనాభయ్య వసారాలో చెప్పులు వేసుకుంటూ. "కాలవ షట్టరు కాడికి పోయొస్తా." జేబులో తాళంచెవి ఉందో లేదో తడిమి చూసుకుని వెళ్ళిపోయాడు.

వెంకటశేషమ్మ కారణం చెప్పలేదు. ఆ గోడకు ఎదురుగా ఉన్న బల్ల మీద రోజూ వచ్చి కూర్చునే మనిషి కామమ్మ. పద్మనాభయ్యకు అక్క. ఉన్న ఊళ్ళోనే ఇచ్చారు, మొగుడు పోయి పదకొండేళ్ళు. పొద్దున పొలం చూసుకుని వచ్చి, కాఫీ తాగి, ఊళ్ళో ఇద్దరిని ఆడిపోసుకుని పోవడం ఆమెకు అలవాటు. ఆమె ఈ గడప తొక్కి పన్నెండు రోజులయింది. మళ్ళీ వస్తే ఆ ఫోటోకు ఎదురుగా కూర్చోవాలి.

వాళ్ళ ఊరు చిల్లకూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఉంది. చెరువు తూము నుంచి చివరి వరి కయ్య దాకా మూడు మైళ్ళ మట్టి కాలువ, అంతా ఇసక నేల. తూము ఎత్తితే చివరికి నీళ్ళు చేరడానికి నాలుగు రోజులు పట్టేది. కొన్నేళ్ళు చేరేవే కావు. ఆ చివరే పద్మనాభయ్యకు నాలుగెకరాలు ఉంది. ఆరేళ్ళలో మూడేళ్ళు ఎండింది. ఇంటికి తిండిగింజలు ఇచ్చింది తూము పక్కన వెంకటశేషమ్మ పేర ఉన్న ఎకరం ముప్పై సెంట్లు. పెళ్ళప్పుడు ఆమె నాన్న పసుపు కుంకాల కింద కొనిచ్చాడు.

కాలువ బాగుచేయించాలని పద్మనాభయ్య రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఎండాకాలంలో సిమెంటు పని మొదలుపెట్టి, వానలు రాకముందే ముగించారు. ఇప్పుడు తూము ఎత్తితే మర్నాటి సాయంత్రానికి చివరి కయ్యలో నీళ్ళుంటాయి. చివర ముప్పై కుటుంబాలు ఈ రబీకి నాట్లు వేస్తున్నాయి. అందులో అబద్ధం ఏమీ లేదు.

కాలువ మధ్యలో ఒక మలుపుంది. దాని కింద ఎకరం పది సెంట్లు కామమ్మది. రికార్డుల్లో అది మెట్ట. కానీ మూడు తరాలుగా అందులో వరే పండింది. కాలువ తవ్వే రోజుల్లో కామమ్మ అత్తగారి వాళ్ళు తమ నేలలోంచి దారి ఇచ్చారట. బదులుగా ఊరు ఒక మాట ఇచ్చింది, మలుపు దగ్గర కారే ఊట వాళ్ళదని. దానికి కాయితం లేదు. ఏటా నీళ్ళు వదిలే ముందు ఊరంతా పారలు పట్టుకుని వెళ్ళి గట్టుకు పడిన బొరియలన్నీ బంకమట్టితో మెత్తేవాళ్ళు. మలుపు దగ్గరికి వచ్చేసరికి పార ఎత్తకుండా దాటిపోయేవాళ్ళు. ఎందుకని అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళూ లేరు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ నోటితో అనలేదు.

ఏప్రిల్‌లో ఇంజినీరు వచ్చి, నీళ్ళు ఎక్కడెక్కడ కారిపోతున్నాయో రాసివ్వమన్నాడు. పద్మనాభయ్య ఏడు చోట్లు రాశాడు. రాసింది సరిగ్గా ఉందో లేదో అని ఇంట్లో పైకి చదివాడు. వెంకటశేషమ్మ చేటలో బియ్యం ఏరుతూ వింది. నాలుగోది మలుపు. ఆమె చెయ్యి ఆగింది. ఒక్క మాట అంటే ఆయన దాన్ని లిస్టులోంచి కొట్టేసేవాడే. అప్పుడు చివరి నాలుగెకరాలు ఆమె కళ్ళ ముందుకు వచ్చాయి, పోయినేడు ఎండిన పైరు పశువులకు కోసిన రోజు కూడా వచ్చింది. ఆమె మళ్ళీ బియ్యం ఏరుకుంది. ఆ ఎండాకాలంలోనే మలుపు దగ్గరా సిమెంటు పోశారు, ఊట ఆగిపోయింది.

ఫోటో గోడకు ఆనించి పెట్టమని చెప్పి, వెంకటశేషమ్మ పొలం దారి పట్టింది. కాలువ గట్టు మీద ఓబయ్య కూర్చుని ఉన్నాడు. మూడు తరాలుగా ఆ కాలువ నీళ్ళు పంచిన నీరుగంటి ఇంటి మనిషి.

"ఏం ఓబయ్యా, ఊరికే కూర్చున్నావే?"

"ఇంకేం చెయ్యాలమ్మా? షట్టరు చక్రం తిప్పితే నీళ్ళొస్తాయి, చక్రం తిప్పితే ఆగతాయి. కాలవ యాడికీ పారిపోకుండా కాపలా కాస్తావుండా."

ఆమె నవ్వలేదు. "సిమెంటు పోసేటప్పుడు నువ్వు ఈడే ఉండావు. మలుపు సంగతి నీకు తెలుసు. ఎందుకు నోరెత్తలేదు?"

ఓబయ్య తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "మీ ఆయనే కట్టె పెట్టి చూపిస్తావున్నాడు. సొంతక్క గదా, లోపల పైపేదో పెట్టిస్తాడనుకున్నా. కామమ్మ మొహం చూసినా. ఆమేమో మేస్త్రీలకి మజ్జిగ పోస్తావుంది. ఆమే ఊరుకుంటే నేనేం మాట్లాడేది?"

కామమ్మ నారుమడిలో వంగి నారు పీకుతోంది. పీకిన నారు కట్టలు కట్టి మడి గట్టున, గెనెం మీద వరసగా పెట్టింది. చూడగానే వెంకటశేషమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"నాట్లా వదినా?"

"యాడ నాటేదిమే? చూడు." కామమ్మ పక్క కయ్యలోకి మట్టిపెళ్ళ విసిరింది. అది పొడిగా పగిలింది. "వానకి దమ్ము చేయించినా. నిలిచిన నీళ్ళు మూడు రోజుల్లో ఇంకిపోయినాయి. నారు ముదిరిపోతావుంది. చివర మీకు నారు చాల్లేదంట గదా, ఓబయ్య చెప్పినాడు. కబురు చేద్దామనుకుంటావుండా, నువ్వే వచ్చినావు. తీసకపో."

"మాకెందుకు వదినా?"

"ఎందుకేంది? నాటుకోడానికి. పారబొయ్యమంటావా?"

వెంకటశేషమ్మ గెనెం మీద కూర్చుంది. "ఇంటికి రావడం మానేసినావు."

"వచ్చి ఏం చేసేది? వాడు కాలవ గురించి చెప్తాడు, నేను ఊకొట్టాల. నాకు ఊకొట్టే ఓపిక లేదు."

"ఆయన్ని నాలుగు తిట్టినా బాగుండు."

"ఏమని తిట్టేది? సిమెంటు పోసినోళ్ళకి మజ్జిగ పోసిందాన్ని." కామమ్మ ఇంకో కట్ట బిగించింది. "తమ్ముడు చూసుకోడా అనుకున్నా. అడిగితే నమ్మకం లేదనుకుంటాడని అడగలేదు. అడిగుంటే ఊట పోయేది గాదు."

ముడి వేస్తూ ఆమే అంది, "సరుగుడు మొక్కలకి చెప్పినా. ఒకసారి నాటితే నాలుగేళ్ళు నీళ్ళ కోసం ఎవుర్నీ అడగబళ్ళేదు."

"మరి బియ్యం?"

"కొనుక్కుంటా. ఊళ్ళో కొనుక్కు తినేవాళ్ళు లేరా?" తేలిగ్గానే అంది. చేతులు మాత్రం కట్టను కట్టిన చోటే మళ్ళీ మళ్ళీ చుడుతున్నాయి. "కాపరానికి వచ్చినప్పటి నుంచి ఈ కయ్య బియ్యమే తిన్నా."

లిస్టు సంగతి చెప్పాలని వెంకటశేషమ్మ నోరు తెరిచింది. కామమ్మ రెండు కట్టలు తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. "మిగతావి ఓబయ్యతో పంపిస్తాలే. వేర్లు ఎండనీబాక," అని మళ్ళీ మడిలోకి దిగింది.

మధ్యాహ్నం భోజనానికి నలుగురూ కూర్చున్నారు. ఆదివారం కాబట్టి ప్రసాద్ తడలో కంపెనీ పనికి పోలేదు. వాకిట్లో నారు కట్టలు చూసి పద్మనాభయ్య అడిగాడు, "ఎవురిచ్చినారు?"

"వదిన. మనకి నారు తగ్గిందంట గదా, నాటుకోమనింది. ఆమె సరుగుడు వేసుకుంటుందంట."

ఆయన కలుపుతున్న అన్నం వదిలేశాడు. "ఆఫీసుకి రెండుసార్లు పోయినా. ఆయకట్టులో లేని నేలకి తూము పెట్టడం కుదరదంట. కాలవ పగలగొడితే కేసంట." ఆ తర్వాత, ఎవరినీ చూడకుండా, "రాసేటప్పుడు నాకు తట్టనే లేదు. నీళ్ళు కారే చోటు అన్నారు, రాసినా," అన్నాడు.

"అత్తకి బోరు వేయిస్తే?" అన్నాడు ప్రసాద్.

"సముద్రం పక్కన బోరేస్తే ఉప్పు తగలతాది. తెలిసి అడుగుతావే," అన్నాడు తండ్రి.

బిందు మజ్జిగ గిన్నె ఆయన వైపు జరిపింది. ఆయన పోసుకోలేదు.

"తప్పు మీ ఒక్కరిదే కాదు," అంది వెంకటశేషమ్మ. "మీరు లిస్టు చదివినప్పుడు నేను విన్నా. మలుపు అన్నప్పుడు నాకు తెలిసింది. చివర మన కయ్యలు తడుస్తాయని ఊరుకున్నా."

పద్మనాభయ్య భార్య వైపు చూసి, చూపు కంచం మీదికి తిప్పుకున్నాడు. కోపం చేసుకుంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

"ఇప్పుడు మన నాలుగెకరాలకి వచ్చే నీళ్ళలో ఆమె ఊట ఉండాది," అంది. గొంతు పెంచలేదు. "అందుకని తూము పక్కన నా పేర ఉండే కయ్య వదినకి రాసిస్తావుండా. నాటు వేసిన పైరుతో సహా. మలుపు కింద మెట్ట మనం తీసుకుంటాం, సరుగుడు మనమే వేసుకుంటాం."

"తాత నీకిచ్చిన నేలమ్మా అది," అన్నాడు ప్రసాద్ మెల్లిగా.

"అవును."

"కామమ్మత్త ఒప్పుకోకపోతే?" అడిగింది బిందు.

"ముందు ఒప్పుకోదు. తిడతాది కూడా. సాయంత్రం పోయి లిస్టు సంగతి ఆమెకి చెప్తా, ఆ తర్వాత నేల సంగతి చెప్తా." వెంకటశేషమ్మ కొడుకు వైపు తిరిగింది. "రేపు నువ్వు సెలవు పెట్టు ప్రసాదూ. గూడూరు పోయి రిజిస్ట్రారాఫీసులో ఏమేం కాయితాలు కావాల్నో కనుక్కోవాల. ఈ రబీ కోత ఆమెదే."